పట్టాలు తీసేసిన రైలు దారుల్లో నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దగ్గర మూతపడ్డ రైలు మార్గాలు అసలు ఉన్నాయా?

ఉన్నాయి గానీ ఇంగ్లండులో ఉన్నట్టు ఉండవు. అక్కడ 1963లో నష్టాల లైన్లు మూసేయమన్న బీచింగ్ నివేదిక వచ్చాక వేల కిలోమీటర్ల లైన్లను పూర్తిగా ఎత్తేశారు. రైలు పోయింది, కట్ట మిగిలింది. మన దేశంలో లైను మూసేయడం కంటే గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మార్చడమే ఎక్కువ. 1992 ఏప్రిల్‌లో మొదలైన యూనిగేజ్ పథకంలో మీటర్ గేజ్, న్యారో గేజ్ లైన్లు ఒక్కొక్కటే బ్రాడ్ గేజ్ అయ్యాయి. చాలాచోట్ల పాత కట్టనే వెడల్పు చేసి కొత్త పట్టాలు పరిచారు. మలుపు మరీ బిగువుగా ఉన్నచోట, వాలు ఎక్కువగా ఉన్నచోట, పాత వంతెన కొత్త బరువు మోయలేదనుకున్నచోట మాత్రం లైను పక్కకు జరిగింది.

అలా వదిలేసిన ముక్కలే మనకు దక్కిన ఆస్తి. ఎక్కడో అర కిలోమీటరు కట్ట, ఇంకెక్కడో నాలుగు రాతి స్తంభాలు, చింతచెట్ల కింద కప్పులేని స్టేషను గది. కాబట్టి ఈ సరదా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మూతపడ్డ లైను కోసం దేశమంతా గాలించకండి. ఇప్పుడు నడుస్తున్న లైను పక్కన చూడండి. మీ ఊరి స్టేషనుకు అటూ ఇటూ ఐదారు కిలోమీటర్లలోనే ఏదో ఒకటి దొరికే అవకాశం ఎక్కువ.

చూడగానే అది రైలు కట్ట అని ఎలా తెలుస్తుంది? కాలువ గట్టో, బండ్ల బాటో కావచ్చు కదా?

కావచ్చు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో అయితే అందరూ ముందు పొరబడేది కాలువ గట్టు దగ్గరే. తేడా ఇదీ. కాలువ నీరు పారే వాటాన్ని బట్టి పోతుంది, మెరక అడ్డొస్తే చుట్టూ తిరుగుతుంది. రైలు లైను అలా కాదు. పల్లంలో మట్టి పోసి కట్ట లేపుతారు, మెరక వస్తే దాన్ని కోసుకుని వెళ్తారు. ఒకే దారిలో కాసేపు పొలాల కంటే ఎత్తులో నడిచి, కాసేపటికి రెండు పక్కలా మీకంటే ఎత్తయిన మట్టిగోడల మధ్యకు వచ్చారంటే అది రైలు దారే అనుకోవచ్చు. ఆ కోసిన భాగాన్ని రైల్వేవాళ్లు కటింగ్ అంటారు.

మలుపు రెండో గుర్తు. బండ్ల బాట పొలం మూల దగ్గర ఠక్కున తిరుగుతుంది. రైలు అలా తిరగలేదు. మలుపు మొదలైంది ఎక్కడో, అయిపోయింది ఎక్కడో నడిచే మనిషికి తెలియనంత నిదానంగా వంగుతుంది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే మాత్రం ఆ వంపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొలాల గట్లన్నీ ఒక దిక్కుగా ఉంటే దాన్ని లెక్కచేయకుండా ఏటవాలుగా కోసుకుపోయే సన్నని చెట్ల వరస ఒకటి ఉంటుంది.

ఇంకా చూడవలసినవి: కట్ట పక్కన వరసగా నీళ్లు నిలిచిన గుంటలు. కట్టకు మట్టి అక్కడే తవ్వారు. మీటర్ గేజ్ కట్ట పైభాగం సుమారు ఐదు మీటర్ల వెడల్పు ఉంటుంది, అంతకంటే బాగా సన్నగా ఉంటే అనుమానించండి. సర్కారు తుమ్మ కింద కాలితో గీరితే నల్ల కంకర బయటపడుతుంది. చుట్టుపక్కల ఎక్కడా దొరకని రాయి అక్కడ ఉందంటే అది బండ్ల మీద వచ్చింది కాదు. చిన్న తూముల మీద రాతిలో చెక్కిన సంవత్సరం, సున్నం వేసిన వంతెన నంబరు కొన్నిచోట్ల ఇప్పటికీ చదవగలం.

సరిహద్దు రాళ్లు దొరికితే పండగే. కోస్తాలో, రాయలసీమలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, విశాఖ నుంచి ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే, తెలంగాణలో నిజాం రైల్వే. ఎవరి స్థలానికి వాళ్లు తమ పేరులోని పొడి అక్షరాలు చెక్కి రాళ్లు పాతుకున్నారు.

పాత పటాలు ఎక్కడ దొరుకుతాయి?

సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లే అన్నిటికంటే నమ్మకమైనవి. పాత ముద్రణ దొరికితే ఇంకా మంచిది. అమెరికా సైన్యం 1950ల్లో అచ్చేసిన 1:2,50,000 కొలత పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా చూడనిస్తోంది. వాటిలో మన జిల్లాల మీటర్ గేజ్ లైన్లు, అప్పటి చిన్న స్టేషన్లు కనిపిస్తాయి. వాటి పక్కన ఈనాటి ఉపగ్రహ చిత్రం పెట్టుకుని చూడటమే అసలు పని. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ అనే పటాల సైటు ఉంది, గూగుల్ ఎర్త్ ఉంది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వదిలేసిన లైన్లను వేరే గుర్తుతో గీస్తారు, కానీ మన ప్రాంతంలో ఆ పని సగంలోనే ఉంది. మీరు కనుక్కున్నది అందులో చేర్చండి.

పటం చూసి బయల్దేరే ముందు ఆ లైను మీద పాత స్టేషన్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఊళ్లో అడగడానికి అవే పనికొస్తాయి.

ఊళ్లోవాళ్లను ఏమని అడగాలి?

“రద్దయిన రైలు మార్గం” అంటే ఎవరికీ అర్థం కాదు. “పాత లైను ఎటు పోయేది?”, “పాత కట్ట ఎక్కడ?”, “గ్యాంగు క్వార్టర్లు ఉండేవట కదా, ఎక్కడ?” అని అడగండి. గేటు తీసేసి ఇరవై ఏళ్లయినా జనం ఆ కూడలిని గేటు అనే పిలుస్తారు. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గానో, గేట్‌మన్‌గానో చేసి రిటైరైన పెద్దాయన ఊరికొకరైనా దొరుకుతారు. ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి వినండి. వరదకు ఏ తూము కొట్టుకుపోయిందో, ఏ కిలోమీటరు దగ్గర ఇంజను ఎక్కలేక ఆగిపోయేదో పటాల్లో ఉండదు, ఆయన దగ్గర ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఫోన్లో పటం చూసుకుంటూ పొలాల వెంట నడిచే కొత్త మనిషిని మన పల్లెల్లో ముందుగా భూసేకరణ సర్వేకొచ్చినవాడనుకుంటారు. పాత కట్టను కలుపుకుని దున్నుకుంటున్న రైతుకు ఆ భయం మరీ ఎక్కువ. నోటుపుస్తకం తీయకముందే మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పేయండి. “పాత రైళ్లంటే ఇష్టం బాబాయ్, చూసి పోదామని వచ్చా” అంటే నవ్వుతారు. నవ్వితే పని అయినట్టే.

ఇలా నడవడం చట్టప్రకారం తప్పా?

స్థలం ఎవరిదన్నదే ప్రశ్న. పట్టాలు తీసేసినంత మాత్రాన భూమి రైల్వేది కాకుండా పోదు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం నేరం. రోడ్డు వేసేసిన, పంచాయతీ వాడుకుంటున్న, జనం రోజూ నడిచే కట్ట మీద మీరూ నడిస్తే ఎవరూ అడగరు. కంచె ఉంటే, బోర్డు ఉంటే, పక్కనే పట్టాల మీద రైళ్లు తిరుగుతుంటే దూరం నుంచి చూసి రండి.

పట్టా కనిపిస్తే మాత్రం అది చచ్చిన లైనని మీకు మీరే తీర్మానించుకోకండి. తుప్పు పట్టిన సైడింగ్ (పక్క లైను) మీద నెలకొక గూడ్సు రావచ్చు. పనిచేస్తున్న పట్టాల మీద, పక్కన, ఫోటో కోసమైనా సరే నడవొద్దు.

దొరబావి వంతెన చూడొచ్చా?

ఈ ప్రశ్న రాయలసీమవాళ్లందరూ అడుగుతారు, సమాధానం మాత్రం వాళ్లకు నచ్చదు.

గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా కోస్తాకు దిగే మీటర్ గేజ్ లైను 1880ల్లో వేసింది. 1876–78 నాటి ధాత కరువులో తిండిగింజలు చేరక జనం చనిపోయాక, కరువు ప్రాంతాలకు రైలు వేయాలన్న పట్టుదల ప్రభుత్వానికి వచ్చింది. ఆ లైను గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కి దిగువమెట్ట వైపు దిగుతుంది. ఆ కొండల్లో లోయ దాటడానికి ఎత్తుగా కట్టిందే దొరబావి వంతెన. బ్రాడ్ గేజ్ వేసినప్పుడు దారి మార్చారు, వంతెన అడవిలో ఉండిపోయింది.

మన రాష్ట్రాల్లో వదిలేసిన రైలు కట్టడాల్లో దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. అయినా సొంతంగా వెళ్లమని ఎవరికీ చెప్పను. అది పులులు తిరిగే అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగుపెడితే కేసు అవుతుంది, ఆ కేసు పెట్టడం న్యాయమే. నంద్యాల–గిద్దలూరు మధ్య పగటిపూట రైలెక్కి కిటికీ దగ్గర కూర్చోండి. ఘాట్‌లో కొత్త లైను పోయే తీరు చూస్తే, పలుగూ పారలతో ఆ కొండను కోసినవాళ్ల శ్రమ సగమన్నా తెలుస్తుంది.

రాజమండ్రి పాత వంతెన మీద నడవనిస్తారా?

అనుమతి లేకుండా ఎక్కకండి. పర్యాటకుల కోసం దాన్ని తీర్చిదిద్దాలన్న ఆలోచన ఏళ్ల తరబడి సాగుతోంది. తెరిచారని ఖాయంగా తెలిశాకే వెళ్లండి.

వంతెన కథ క్లుప్తంగా: 1897లో పని మొదలైంది, 1900లో రైళ్లు నడిచాయి. ఇంజనీరు వాల్టన్, పేరు అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్‌ది. ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు). అంతకుముందు మద్రాసు–కలకత్తా ప్రయాణంలో గోదావరి దగ్గర దిగి పడవ ఎక్కాల్సిందే. 1997లో పక్కనే కాంక్రీటు ఆర్చి వంతెన పూర్తయ్యాక దీనికి సెలవిచ్చారు. ఆర్చి వంతెన మీదుగా వెళ్లే రైలెక్కితే కొవ్వూరు నుంచి గోదావరి స్టేషను దాకా పాత వంతెన మీతోపాటే వస్తుంది. స్తంభాల రాతిపని దగ్గరగా చూడాలంటే వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు రేవుల వైపు నుంచి.

తీసేసిన లైను మళ్లీ రావడం ఎప్పుడైనా జరిగిందా?

కాకినాడ–కోటిపల్లి. 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక 1940లో పట్టాలు పీకి యుద్ధం పనికి తీసుకుపోయారు. అరవై ఏళ్లకు పైగా రామచంద్రపురం, ద్రాక్షారామం జనం పట్టాలు లేని కట్టను చూస్తూనే ఉన్నారు. 2004లో మళ్లీ రైలు నడిచింది. కట్ట ఊరికే పడివుంది కదా అని ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ లైను సంగతి చెప్పండి.

నౌపడ–గుణుపురం చిన్న రైలు దారిలో ఇప్పుడేమైనా మిగిలిందా?

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా అక్కడి రాజావారు 1900లో వేయించిన లైను అది. రెండున్నర అడుగుల గేజ్. 1931 నాటికి గుణుపురం చేరింది, మొత్తం 90 కిలోమీటర్లు. 2004లో చిన్న రైలు ఆపేశారు, 2011లో బ్రాడ్ గేజ్ రైలు వచ్చింది. దారి చాలావరకు పాతదే కాబట్టి నడవడానికి మిగిలింది తక్కువ. తూముల దగ్గర, పాత స్టేషను ఆవరణల్లో ఆగి చూడండి. నడక కంటే రైలే నయం.

తెలంగాణలో ఎక్కడ మొదలుపెట్టాలి?

కాచిగూడ స్టేషనులో. 1916 నాటి భవనం, లోపల నిజాం రైల్వే వస్తువులతో చిన్న మ్యూజియం. అప్పటి సిగ్నల్ దీపాలు, టోకెన్లు ముందుగా చూసి వెళ్తే బయట కట్ట మీద కనిపించే ఇనుప ముక్క దేనిదో పోల్చుకోగలరు. అక్కడి నుంచి మహబూబ్‌నగర్ వైపు, నిజామాబాద్ వైపు పోయే లైన్లు రెండూ ఒకప్పటి మీటర్ గేజ్‌వే. రైల్లో వెళ్తూ ఎక్కడ పాత తూము కొత్త తూముకు నాలుగు గజాల దూరంలో కనిపించిందో గుర్తుపెట్టుకుని, తర్వాత రోడ్డు మీద వెళ్లండి.

ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, కుటుంబంతో వెళ్లి చూడగలిగే చోటు చెప్పండి.

ధనుష్కోడి. తమిళనాడే అయినా రామేశ్వరం వెళ్లని తెలుగు కుటుంబం అరుదు. కాశీకి పోయేవాళ్లు సేతువు ఇసుక కోసం ఎటూ ఆ పక్కకు వెళ్తారు. వెళ్లినవాళ్లలో నూటికి తొంభైమంది సముద్రం చూసి, ఫొటో దిగి, స్టేషను శిథిలాలను చర్చిలో భాగమనుకుని వచ్చేస్తారు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు ఎగ్మూరు నుంచి బోట్ మెయిల్ నేరుగా ధనుష్కోడి రేవుకు వచ్చేది. అక్కడ రైలు దిగి ఓడ ఎక్కితే సముద్రానికి అవతల సింహళంలోని తలైమన్నారు, మళ్లీ రైలు, కొలంబో. అన్నిటికీ ఒకే టిక్కెట్టు. రేవు ఉంది కాబట్టి కస్టమ్స్ కచేరీ, తపాలా ఆఫీసు, బడి, సత్రాలు అన్నీ వెలిశాయి. అప్పట్లో అసలు లైను ధనుష్కోడిదే. రామేశ్వరానిది పాంబన్ దగ్గర చీలే కొమ్మ.

1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోడి చేరబోతుండగా ఉప్పెన ముంచేసింది. రైల్లో ఉన్న వందమందికి పైగా జనంలో ఒక్కరూ బతకలేదు. ఊరు ఊరంతా పోయింది. పాంబన్ వంతెన ఖానాలు కూడా చాలా కొట్టుకుపోయాయి గానీ రైల్వే ఇంజనీరు శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో బాగుచేసి రామేశ్వరానికి రైలు నడిపారు. ధనుష్కోడి లైను మాత్రం మళ్లీ వేయలేదు, ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది.

ఇప్పుడు చూడగలిగేవి: స్టేషను గోడలు, రైల్వే నీళ్లట్యాంకు దిమ్మె, తపాలా ఆఫీసు, చర్చి. రామేశ్వరం నుంచి దాదాపు 18 కిలోమీటర్లు. 2017 నుంచి కొస దాకా తారురోడ్డు ఉంది. స్టేషను దగ్గర వాహనం దిగి నడిస్తే ఇసుకలో కట్ట ఆనవాలు చూస్తూ వెళ్లొచ్చు. గోడలు ఎక్కొద్దు, పగడపు రాయి, సున్నం కలిపి కట్టినవి, చేతితో తోస్తే రాలతాయి. నీడ ఉండదు. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం చీకటి పడకముందే అందరినీ వెనక్కి పంపేస్తారు. సముద్రంలో దిగొద్దు, అక్కడి సుడులు చెడ్డవి.

ఏ కాలం మంచిది? పాముల సంగతేమిటి?

కార్తీకం నుంచి మాఘం దాకా. వానాకాలంలో కట్ట కనిపించదు, ఎండాకాలంలో కంకర మీద నడక నరకం. జనవరికల్లా గడ్డి ఎండి తూములు బయటపడతాయి.

రైలు కట్ట అంటే రాళ్ల సందులు. రక్తపింజరకు, కట్లపాముకు అంతకంటే మంచి ఇల్లు లేదు. చీలమండలు కప్పే బూట్లు, చేతిలో కర్ర, వేసే అడుగు చూసుకుని వేయడం. తూములోకి వంగి చేయి పెట్టొద్దు. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయకండి. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి. మంత్రం వేసేవారి దగ్గర పోయే అరగంటే ప్రాణం తీస్తుంది.

పాముల కంటే నాకు తేనెటీగలంటే భయం. పాత వంతెనల కింద పెద్ద పట్లు కడతాయి. సెంటు పూసుకుని వెళ్లొద్దు, కింద పొగ తాగొద్దు, కేకలు వేయొద్దు.

సొరంగంలోకి వెళ్లొచ్చా?

వాడకం లేని సొరంగం పైకప్పును ఎవరూ పరీక్షించరు. నోటి దగ్గర నిలబడి చూడటమే చాలు. లోపల గబ్బిలాల పెంట ఉంటే దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. గర్డర్లు తీసేసిన వంతెనల మీదికి కూడా అంతే, ఎక్కొద్దు.

ఒక ఫిష్‌ప్లేటో (పట్టాలను కలిపే ఇనుప పలక), ఇనుప మేకో ఇంటికి తెచ్చుకోవచ్చా?

కుదరదు. రైల్వే ఆస్తిని దగ్గర ఉంచుకోవడంపై 1966 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది, తుప్పు పట్టిందన్న సాకు చెల్లదు. కానీ చదవడానికి డబ్బులు అక్కర్లేదు. పట్టా పక్కభాగం మీద మట్టి తుడిస్తే తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. ఫొటో తీసుకోండి. స్టేషను కంచె స్తంభాలూ పాత పట్టాలే. పల్లెల్లో పశువుల పాకకు దూలంగా వేసిన పట్టా మీద కూడా ఇంగ్లండు కంపెనీ పేరో, టాటాయో కనిపించిన సందర్భాలున్నాయి. వేలంలో కొన్నారా, ఎలా వచ్చిందని మాత్రం ఆ ఇంటివాళ్లను అడగకండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

రైల్వే లైన్ల దగ్గర, అడవుల్లో అనుమతి లేకుండా వద్దు. 2021 డ్రోన్ నిబంధనలు చదివి, డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి.

మేం అమెరికాలో ఉంటాం. పిల్లలతో ఇలాంటి చోట్లకు వెళ్లగలమా?

మాకంటే మీకే సులువు. అక్కడ ఎత్తేసిన లైన్లను నడకదారులుగా మార్చడం పెద్ద ఉద్యమం. ఉత్తర వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మన కుటుంబాలు సాయంత్రాలు సైకిళ్లు తొక్కే దారి 1968లో ఆగిపోయిన వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ రైలు కట్టే, 45 మైళ్లు. కాలిఫోర్నియాలో శాన్ రామోన్, డబ్లిన్ వాళ్లకు ఐరన్ హార్స్ దారి ఉంది, అది సదరన్ పసిఫిక్ వదిలేసిన శాఖ. రోజూ నడుస్తున్నా పాత గుర్తుల కోసం చూసేవాళ్లు తక్కువ. పాత స్టేషను భవనం ఏ ఊళ్లో మిగిలిందో, ఏ వంతెన కింది రాతిపని పాతదో పిల్లలకు వెతికే పని పెట్టండి.

సియాటిల్‌వాళ్లయితే స్నోక్వాల్మీ సొరంగం తప్పక చూడాలి. మిల్వాకీ రోడ్ రైల్వే 1914లో తెరిచింది, పొడవు 2.3 మైళ్లు, ఇప్పుడు అధికారికంగా నడవనిస్తారు. ఒక చివర నుంచి చూస్తే రెండో చివర వెలుతురు చుక్కలా ఉంటుంది. చలికాలమంతా మూసేస్తారు కాబట్టి మే నుంచి అక్టోబరు మధ్యలో వెళ్లండి. మనిషికొక టార్చి, ఎండాకాలమైనా ఒక స్వెటరు ఉండాలి.